చేతిలో మంట, చేతనైన జాగ్రత్త
(దీపావళి ముందు జరిగిన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



దీపావళి వస్తున్నది. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్.బి. నగర్ దాకా మనలో చాలామందిమి అపార్టుమెంట్లలోనే ఉంటున్నాం. వాకిళ్లు పోయి బాల్కనీ, సెల్లారు, డాబా మిగిలాయి. కొడుకులు, కోడళ్లు ఆఫీసుల నుంచి వచ్చేసరికి పొద్దుపోతుంది. కనుక పిల్లల చేత టపాకాయలు కాల్పించే డ్యూటీ తాతయ్యలది, నానమ్మలది, అమ్మమ్మలది. అందుకే ఈ నాలుగు మాటలు.

బాంబు అంటే అందరమూ దూరం జరుగుతాం. కాకరపువ్వొత్తిని మాత్రం మూడేళ్ల బిడ్డ చేతికి ఇస్తాం. నీళ్లు మరిగేది 100 డిగ్రీల దగ్గర. కాకరపువ్వొత్తి మండేచోట వేడి 1,000 డిగ్రీలు దాటుతుంది. ఆరిన తర్వాత కూడా దాని తీగ కాసేపు చురుక్కుమంటూనే ఉంటుంది.

సముద్రంలో ఆపద వచ్చినప్పుడు ఓడవాళ్లు చేత్తో పట్టుకుని వెలిగించే ఎర్ర మతాబు ఒకటి ఉన్నది. అంతర్జాతీయ నిబంధన ప్రకారం అది కనీసం ఒక నిమిషం మండాలి; 10 సెంటీమీటర్ల లోతు నీటిలో 10 సెకన్లు ముంచినా ఆరకూడదు. మండటానికి కావలసిన ప్రాణవాయువును దానిలోని మందే ఇస్తుంది. మన కాకరపువ్వొత్తులు, మతాబులు కూడా ఆ జాతివే. గుడ్డ కప్పితే ఆరవు, ఆ గుడ్డే అంటుకుంటుంది. కాబట్టి నావికుల సూత్రాలే మనకూ వర్తిస్తాయి. సర్క్యులరు పద్ధతిలో మనవి చేస్తాను:

1. చేయి బారుగా చాచి పట్టుకోవాలి. నిప్పురవ్వలు మన మీదికి రాకుండా గాలికి వీపు పెట్టి నిలబడాలి.
2. ఒక్కసారి ఒక్కటే. నాలుగైదు కలిపి వెలిగిస్తే ఒక్కసారిగా భగ్గుమంటాయి.
3. నూలు బట్టలు, కాళ్లకు చెప్పులు ఉండాలి. నైలాను కరిగి ఒంటికి అంటుకుంటుంది. చీరకొంగు దోపుకోవాలి.
4. కాలిన తీగలను వెంటనే నీళ్ల బకెట్లో వేయాలి. పేలని టపాకాయ మీదికి వంగి చూడరాదు. దూరం నుంచి నీళ్లు పోసి వదిలేయాలి.
5. చంటిపిల్లల చేతికి అసలు ఇవ్వరాదు. ప్రమిద వెలిగించడం చూపిస్తే వాళ్లకు అదే పండుగ.

ఒళ్లు కాలితే కుళాయి కింద 20 నిమిషాలు పెట్టండి. సిరా, టూత్‌పేస్టు, పసుపు, ఐసు వద్దు. కంట్లో మందు పొడి పడితే నలపకుండా మంచినీళ్లతో బాగా కడగాలి. కంటికి దెబ్బ తగిలినా, ఏదైనా గుచ్చుకున్నా కడగరాదు, నొక్కరాదు; పైన చిన్న కప్పు ఆనించి ఆసుపత్రికి తీసుకుపోవాలి. మెహిదీపట్నంలో సరోజినీదేవి కంటి ఆసుపత్రి ఉన్నది. ఏటా దీపావళి రాత్రి అక్కడికి గాయపడి వచ్చేవారిలో పిల్లలు ఎందరో. అంబులెన్సుకు 108.

2018 అక్టోబరు 23న సుప్రీంకోర్టు దీపావళి టపాకాయలకు రాత్రి 8 నుంచి 10 వరకు సమయం నిర్ణయించింది. బేరియం లవణాలు వాడరాదన్నది. ఆయాసం ఉన్నవారు, కంటి ఆపరేషను అయినవారు ఆ సమయంలో కిటికీలు మూసుకుని లోపల ఉండటం మేలు. పిల్లల దగ్గర నిలబడే పని ఇంట్లో మరొకరికి ముందే అప్పగించాలి.

సర్వీసులో ఉండగా ఏ కాగితం పోయినా నకలు తీయించేవాళ్లం. మనవడి కంటికి నకలు లేదు. ఈ ఒక్క మాట గుర్తుంచుకోవాలని మనవి.

అందరికీ దీపావళి శుభాకాంక్షలు. సెలవు.