ప్రత్యేక విద్యకు పెద్దరికము
(రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



గ్రంథాలయమునకు వచ్చువారిని గూర్చి ఇట్టి సభలలో ఎప్పుడును చెప్పుకొనుచునే యుందుము. రాలేని పిల్లలను గూర్చియు, వచ్చినను అక్షరము పట్టుబడని పిల్లలను గూర్చియు ఒక దేశము చేసిన ఆలోచన, దానికి పెద్దరికము వహించిన ఒక మహిళ వృత్తాంతము నేటి విషయము.

ఇంగ్లండులో 1944 నాటి విద్యాచట్టము క్రింద, లోపముగల బాలబాలికలను వర్గములుగా విభజించెడివారు. చూపు లేనివారు, వినికిడి లేనివారు, మందబుద్ధులు అని ముందు పేరు పెట్టుట, ఆ పేరునకు తగిన బడికి పంపుట. బుద్ధిమాంద్యము తీవ్రముగానున్న వారినైతే చదువు చెప్పుటకు వీలుకానివారని తేల్చి విద్యాశాఖ చేతులు దులుపుకొనెడిది. వారి భారము ఆరోగ్యశాఖది. 1970లో చేసిన చట్టము 1971 ఏప్రిల్‌లో అమలులోనికి వచ్చినపుడు గాని, ఏ బిడ్డయును చదువునకు వెలియైనది కాదను మాట శాసనమునకు ఎక్కలేదు.

1973లో విద్యామంత్రిణిగా ఉండిన మార్గరెట్ థాచర్ ఈ విషయమై విచారణ సంఘమును ప్రకటించెను. అధ్యక్షత మేరీ వార్నాక్‌కు లభించెను. ఆమె వైద్యురాలు కాదు, ప్రత్యేక విద్యలో పండితురాలును కాదు. ఆక్స్‌ఫర్డులో తత్త్వశాస్త్రము బోధించినది, 1966 నుండి 1972 వరకు బాలికల ఉన్నత పాఠశాలకు ప్రధానోపాధ్యాయిని. నిపుణుల నడుమ నిపుణుడు కాని పెద్ద కూర్చుండుట కొన్నిమార్లు మేలే. తనకు తెలియని దానిని ఇతరులచేత విడమరచి చెప్పించును.

1974లో పని ప్రారంభించిన సంఘము 1978లో నివేదిక సమర్పించెను. అందలి ముఖ్యమైన మాట ఇది: బిడ్డకు ఏ లోపమున్నదని గాక, చదువుకొనుటకు ఏమి కావలెనని అడుగవలెను. అట్లు అడిగినచో లెక్కయే మారిపోయినది. ప్రత్యేక పాఠశాలలలో ఉన్నవారు నూటికి ఇద్దరు కూడ లేరు; ఏదో ఒక కాలమున అదనపు సాయము కావలసినవారు మాత్రము ప్రతి అయిదుగురిలో ఒకరు. తక్కినవారందఱు సాధారణ పాఠశాలలలో, వెనుక బల్లలమీద, ఎవరి లెక్కలోనికిని రాక కూర్చున్నవారే. ఈ తలిదండ్రులను ఆ సంఘము అర్జీదారులుగా గాక భాగస్వాములుగా చూడవలెననెను. ఒకే ఆవరణలో ఉండుట, ఆటలలోను భోజనములోను కలిసియుండుట, ఒకే తరగతిలో కలిసి చదువుట అను మూడింటిని వేఱువేఱుగా చూపెను. మొదటిది సాధించి మూడవది సాధించితిమని చెప్పుకొనువారు ఏ దేశమునను తక్కువ కారు.

1981లో చట్టము వచ్చెను. అదనపు ధనము మాత్రము రాలేదు. ఎక్కువ సాయము కావలసిన బిడ్డకు స్థానిక విద్యాధికారులు పరీక్ష చేయించి, అవసరములను ఒక పత్రములో వ్రాసి, అందులో వ్రాసినదానిని విధిగా సమకూర్పవలెను. చూచుటకు ఇది గొప్ప రక్షణ. కాని పత్రము వ్రాయువారు, సొమ్ము చెల్లించువారు ఒక్కరే. తూచువాడే కొనువాడైనపుడు తరాజు ఎటు మొగ్గునో వ్యవసాయదారులకు చెప్పనక్కఱలేదు. బిడ్డకు కావలసినది గాక, ఖజానాకు ఓర్వదగినది పత్రమున కెక్కుచున్నదని ఆరోపణలు వచ్చెను. గట్టిగా అడుగగల తలిదండ్రుల పిల్లలకు పత్రము లభించెను. అడుగుట తెలియని ఇంటి పిల్లలు నిలిచిపోయిరి. 1994 నుండి అప్పీళ్లు వినుటకు ప్రత్యేక న్యాయసభ పనిచేయసాగెను.

2005లో, ఎనుబది దాటిన వయస్సున, వార్నాక్ ఒక చిన్న పుస్తకము ప్రకటించి, ఆ పత్రముల పద్ధతి తప్పుదారి పట్టినదనియు, అందరిని ఒకే పాఠశాలలో చేర్చుటయే సమానత్వమనుకొనుట కొందఱు పిల్లలకు కీడు చేసినదనియు వ్రాసెను. పేదరికమును చదువునకు అడ్డంకిగా లెక్కింపరాదని ఆనాడు సంఘమునకు ఆంక్ష ఉండెననియు ఆమె తెలిపెను. తన పేరుతో వ్యవహరింపబడుచున్న నివేదికను తానే విమర్శించుట పలువురకు కష్టముగా తోచెను. సాధారణ పాఠశాలలలో పిల్లలను చేర్పించుటకై ఏండ్ల తరబడి పోరాడినవారు, ఆమె మాటలు బిడ్డలను మరల వేఱు బడులకు త్రోయుటకు సాకగునని వాదించిరి. ఆ భయము నిరాధారమనలేము. అయినను కీర్తిని కాపాడుకొనుటకంటె పిల్లల స్థితిని చూచుట ఆమె ముఖ్యమని యెంచెను.

2006లో పార్లమెంటు సంఘమొకటి అవసరము తేల్చువారిని, ధనమిచ్చువారిని వేఱు చేయుడని సూచించెను. 2014 చట్టము పాత పత్రములకు బదులు విద్య, ఆరోగ్యము, సంరక్షణ మూడును కలిపిన ప్రణాళికను తెచ్చి, ఇరువది అయిదేండ్ల వయస్సు వరకు పొడిగించెను; తేల్చువారు, చెల్లించువారు మాత్రము ఒక్కరుగానే నిలిచిరి.

మన దేశమున 2016 చట్టము, నూటికి నలువదికి తగ్గని వైకల్యముగల బిడ్డకు ఆరు నుండి పదునెనిమిదేండ్ల వరకు ఉచిత విద్య హక్కని చెప్పినది. హక్కులకు భంగము కలిగినచో విచారించుటకు ప్రతి రాష్ట్రమునకును ఒక కమిషనరు ఉండవలెననినది. ఆ అధికారికి ఫిర్యాదు చేయవచ్చునను సంగతి ఊరిలోని తల్లికి తెలియుట మొదటి మెట్టు. ఆ అర్జీ వ్రాసిపెట్టుటకు గ్రంథాలయములో ఒక బల్ల, ఒక కలము చాలును.