లెక్కలో లేనివారికి హక్కు అందదు



2011 జనగణన దేశంలో 2.68 కోట్ల మంది వికలాంగులను లెక్కించింది. నాడు వర్గీకరించినవి 8 రకాలే. 2016 నాటి చట్టం 21 రకాలను గుర్తించింది. ఆటిజం, తలసీమియా ఆ పాత లెక్కలో విడిగా లేవు. కనుక ఆ అంకెలతో మన బస్తీల అవసరాలు తేలవు.

ప్రతి మసీదు కమిటీ తన మొహల్లాలో ఇల్లిల్లూ తిరిగి పట్టిక సిద్ధం చేయాలని మేము కోరుతున్నాము. ఎవరికి ఏ వైకల్యమున్నది, సదరం ధ్రువపత్రమున్నదా, పింఛను అందుతున్నదా, పిల్లలు బడికి పోతున్నారా అన్నవి అందులో ఉండాలి. పెళ్లిసంబంధాలు చెడుతాయని ఇంట దాచిన ఆడపిల్లల వివరాలను స్త్రీలే సేకరించాలి. ఆ పేర్లు గోప్యంగా ఉండాలి.

ధ్రువపత్రం లేనివారిని సదరం శిబిరానికి తీసుకుపోదాము. పింఛను ఆగినవారి అర్జీలను కలెక్టరు ప్రజావాణిలో అందజేద్దాము. అర్హులైన పేదలకు జకాత్‌లో ముందుగా వాటా ఇద్దాము. ఈ శుక్రవారమే పట్టిక మొదలుపెడదాము.