పడవపై మంచుగడ్డ

ఏలూరు ఎండలను ఎరిగిన వారికి మంచుగడ్డ ఆయుర్దాయమును గూర్చి వేరుగా చెప్పనక్కరలేదు. బజారులో కొన్న గడ్డ ఇల్లు చేరులోపల సగమగును. అట్టిచో మూడు దినములు నీటిమీద గడపవలసిన వారి మాట యేమి? గత ఫాల్గుణమాసములో కొల్లేటి పల్లెకారుల పాటలను సేకరించుటకై మేము నలుగురము గుడివాకలంక వద్ద పడవ యెక్కినప్పుడు ఈ ప్రశ్న మాకు ఎదురైనది. పెరుగు పులియునని మాత్రమే అయినచో అంతగా చింతిల్లెడివారము కాము. మాలో ఒకరు మధుమేహమునకు నిత్యము ఇన్సులిన్ పొడిపించుకొనువారు. అటునుండి అటే కైకలూరు మీదుగా దూరప్రయాణము ఉన్నందున నెలకు సరిపడు మందు వెంట తెచ్చుకొనినారు. మూత తీయని సీసాలను రెండు నుండి ఎనిమిది డిగ్రీల చల్లదనమున ఉంచవలెను.

మేము ఐసును ముక్కలు కొట్టించి తెచ్చినాము. పడవ సరంగు దానిని చూచి నవ్వి, “అయ్యా, ఇది సాయంకాలానికి నీళ్ళే. గడ్డగా తెండి” అనినాడు. ముక్కలైన కొలది గాలి తగులు మేర పెరిగి కరుగుట త్వరపడునని మేమును చదివినవారమే! చదువు జ్ఞప్తికి రాలేదు. అతడు ముందుగా మా పెట్టెలో ఆ ముక్కలనే పోసి రెండు గడియలు మూసియుంచినాడు. పెట్టె తనలోని వేడిమిని వానికే ఇచ్చి చల్లబడినది. ఆ తరువాత క్రొత్తగా తెప్పించిన నిండు గడ్డను గోనెపట్టాలో చుట్టి, చుట్టును జానెడు మందమున ఎండు ఊక కూరి, పడవ అడుగున నిలిచిన నీరు తగులకుండ బల్లలపై పెట్టి, పైన తడి గోనె కప్పినాడు.

ఊక గొప్పదనము దానిలో చిక్కుకొని కదలలేని గాలిది. తడిసినచో ఆ గుణము పోవును. రంపపుపొట్టును ఇట్టిదే. 1833లో అమెరికాలోని బోస్టను నుండి ఫ్రెడరిక్ ట్యూడర్ ఓడలో కలకత్తాకు పంపిన నూట ఎనుబది టన్నుల మంచులో, నాలుగు నెలల ప్రయాణము పిమ్మట సుమారు నూరు టన్నులు మిగిలెను. చెన్నపట్టణపు సముద్రతీరమున ‘ఐస్ హౌస్’ అని పేరొందిన భవనము ఆ వ్యాపారమునకే కట్టబడినది. ఒక గ్రాము మంచు కరుగుటకు ఎనుబది కేలరీల వేడిమి కావలెను. అదే వేడిమి ఒక గ్రాము నీటిని సున్న నుండి ఎనుబది డిగ్రీలకు కాచగలదు. గడ్డలోని బలమంతయు ఇదియే.

చేపల బేరగాండ్ర పద్ధతి వేరు. వారు గడ్డను నలుగగొట్టి పొరకొక వరుసగా చేపల నడుమ చల్లుదురు. పొడి చేపకు అంటుకొని త్వరగా చల్లబరచును. కరిగిన నీరు మురికిని కడిగికొని అడుగు రంధ్రముల గుండ పోవలెను. ఒకప్పుడు గంపలలో రైలుమీద హౌరాకు పోయిన కొల్లేటి సీమ చేపలు ఇప్పుడు లారీలలో కలకత్తాకును అస్సామునకును పోవుచున్నవి. త్రోవలో ఐసు చాలనిచో సరకు ధర మాత్రమే కాదు, సరకే పోవును. కొర్రమీనునకు ఈ బాధ లేదు. అది గాలి పీల్చి బ్రదుకును గనుక కొద్ది నీటిలో ప్రాణముతోనే బజారు చేరును.

రెండవనాడు గుర్రపుడెక్క పడవను చుట్టివేసినది. గెడ వేసిన చోటినుండి కదలక, పూట గడచిపోయినది. గడ్డ తరుగుచుండుట చూచి, చల్లదనము పెంచుదమని మేము పెట్టెలో గుప్పెడు ఉప్పు చల్లితిమి. ఉప్పు మంచును సున్నకు క్రిందకు దించును. దానితో పాటు వేగముగా కరగించును. కుల్ఫీ చేయువారికి అది కావలెను, మాకు అక్కరలేదు. తెల్లవారి చూతుము గదా, పెరుగుకుండ అంచున పలుకులు కట్టినవి. ఉప్పునీటిలో ఒరిగిన డబ్బాలోని ఇన్సులిన్ సీసా ఒకటి గడ్డకట్టినది. ఒకమారు గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినను వాడరాదు. ఆ మిత్రుడు సీసాను చేతబట్టుకొని మాతో ఏమియు అనలేదు. రెండవ సీసా గుడ్డల మడతలో, గడ్డకు దూరముగా, పెట్టె మూలన ఉండుటచే దక్కినది.

సరంగు కోపించి ఉప్పునీటిని పారబోయించినాడు. “మంచినీరే అయితే ఉంచండి, అదీ చల్లనిదే. అన్నం తడవకుంటే చాలు” అని చెప్పినాడు. తరువాత పెట్టె మూత తెరచుట దినమునకు రెండుసార్లే. త్రాగునీటికి ఇసుకలో పాతిన మట్టికుండ సరిపోయినది. పడమటిగాలి వీచినంతసేపు అది చక్కగా చల్లబడును. తడిగాలి మళ్ళినచో అంతగా కాదు. మధ్యాహ్నమునకు పులిహోర, రాత్రికి అప్పటికప్పుడు వండిన అన్నము. మిగిలిన అన్నమును దాచుటకు సరంగు ఒప్పుకొనలేదు.

మూడవనాటి సాయంకాలము కొల్లేటికోట రేవున ఊక తీసిచూడగా కొబ్బరికాయంత గడ్డ మిగిలియున్నది. సరంగు కొడుకు దానిని తలగుడ్డలో చుట్టుకొని ఇంటికి పరుగెత్తినాడు.