పరపతిని తూచు రాయి

అప్పునకు మూలము నమ్మకము. ఆ నమ్మకమును తూచు రాయి ఎవరి చేతిలో నున్నది అనునదే నేటి ప్రసంగవిషయము.

మా ప్రొద్దుటూరు బంగారు అంగళ్లకు పేరుగన్నది. అచ్చటి షావుకారు అప్పిచ్చుటకు ముందు, అడుగువాని పొలమును, పుట్టువును, మాటతీరును విచారించెడివాడు. అందు పక్షపాతము లేదనను. కులము చూచుటయు కలదు. అయినను "ఏల ఈయవు?" అని అతనిని అరుగుమీదనే నిలదీయవచ్చును. నేడు 300 మొదలు 900 వరకు గల యొక అంకె అతని స్థానము నాక్రమించినది. దానినే జనులు సిబిల్ స్కోరందురు. 2000లో వెలసిన యొక సంస్థపేరు అట్లు వాడుకలో నిలిచినది. ఇప్పుడిట్టి సంస్థలు నాలుగు. 2005 నాటి చట్టము వానికి ఆధారము.

జమ్మలమడుగు నల్లరేగడిలో శనగ వేయు రైతునకు ఏట నొకమారే రాబడి. పులివెందుల చీనీతోట కాపునకు వచ్చుటకు ఏండ్లు పట్టును. బండికో, కార్డునకో వాయిదా మాత్రము నెలనెల తప్పదు. పంట అమ్మి వడ్డీతో తీర్చినను ఆలస్యము నమోదై యుండును. ఆలస్యమునకు కారణమైన వాన సంగతి అందుండదు.

ప్రొద్దుటూరున మగ్గము నేయు నా పూర్వశిష్యుడొకడు ఒక కార్డు తీసికొని, వాడుట మానెను. సంవత్సరపు రుసుము కొన్ని వందలు నిలిచి, దానిపై జరిమానా పెరిగి, బాకీగా నమోదయ్యెను. ఇంటి అప్పు నిరాకరింపబడిన నాడుగాని అతనికి తెలియలేదు. "అయ్యవారూ, నేను ఎవరికి బాకీ పడితిని?" అని అడిగెను.

మా సీమలో మూడు రూపాయల వడ్డీ యన్న నూటికి నెలకు మూడని యర్థము. ఆ మాటకే పెద్దలు ఉలికిపడుదురు. కార్డులపై అంతకు మించిన వడ్డీయు కలదు. వడ్డీ అసలును మించరాదని మనువు నియమించెను. కడప మద్రాసు రాష్ట్రములో నుండగా వచ్చిన 1938 నాటి వ్యవసాయదారుల ఋణవిమోచన చట్టము, అసలునకు రెట్టింపు చెల్లించిన రైతు ఋణమును తీరినట్లే యెంచెను. కార్డువడ్డీ ఏటికి నూటికి 30 మించరాదని జాతీయ వినియోగదారుల కమిషను 2008లో చెప్పగా, అది రిజర్వు బ్యాంకు నిర్ణయింపదగిన విషయమని 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును త్రోసివైచెను. ఇక ప్రజలు కోపించుట వింతయా?

ఈ సంస్థలలో ప్రతిదానినుండియు ఏటికొకసారి పూర్తి నివేదికను ఉచితముగా పొందు హక్కు మనకు 2017 నుండి కలదు. ఫిర్యాదు 30 దినములలో పరిష్కరింపనిచో దినమునకు 100 రూపాయలు పరిహారము. ఈ నియమము 2024 ఏప్రిలు నుండి అమలైనది. ఎగవేత నమోదు చేయునప్పుడు ఋణస్థుని సెల్‌ఫోనుకు కబురు పంపవలెననియు రిజర్వు బ్యాంకు ఆజ్ఞ. ఆ కబురు తెలుగున నుండవలదా? ఇంగ్లీషున వచ్చిన దానిని మగ్గపు గుంటలో కూర్చున్నవాడు ఏమని చదువుకొనును?

నా శిష్యుడు రుసుము చెల్లించి, రసీదు జతపరచి ఫిర్యాదు పంపినాడు. నేటికి ఇరువదిరెండు దినములు.