తోటపనియు సువార్త పరిచర్యయు
(అధ్యక్ష మండల శతవార్షికోత్సవముల సందర్భమున జరిగిన స్త్రీల మైత్రి సమావేశములో మా పాస్టరేటు పక్షమున చేసిన ప్రసంగము)



నూరేండ్ల పండుగ అనగానే మనకు జ్ఞాపకము వచ్చునవి గుడులు, బడులు, ఆసుపత్రులు, హాస్టళ్ళు. వాటిని గురించి మాట్లాడుటకు మాకంటె అర్హులు ఈ సభలో ఎందరో ఉన్నారు. మాకు అప్పగింపబడిన అంశము మాత్రము పేడ, రాలిన ఆకులు, మన్ను. కార్యక్రమ పత్రికలో ఈ అంశము చూచి కొందరు నవ్వుకొన్నారని విన్నాము. మేమును మొదట నవ్వుకొన్నవారమే గనుక వారిని తప్పుపట్టము.

అయితే లూకా సువార్త 13వ అధ్యాయములో మన ప్రభువు చెప్పిన అంజూరపు చెట్టు ఉపమానమును ఒకసారి తలంచుకొందము. మూడేండ్లుగా కాపు లేదు, నరికివేయుమని యజమానుడు అన్నాడు. తోటమాలి ఒక్క సంవత్సరము గడువు అడిగినాడు. గడువు అడిగి ఊరకుండక, చుట్టు త్రవ్వి ఎరువు వేసెదనని మాట ఇచ్చినాడు. మన ప్రభువు దయను గూర్చి బోధించుచు ఎరువు మాట ఎత్తినాడంటే, ఆ మాట బలిపీఠము ఎదుట పలుకుటకు మనము సిగ్గుపడనక్కరలేదు. ఆదికాండము 2వ అధ్యాయములో మొదటి మనుష్యునికి అప్పగింపబడిన పని తోటను సేద్యపరచి కాచుట. యిర్మీయా 29వ అధ్యాయములో చెరలోనున్న జనులకు దేవుడు చెప్పినది తోటలు నాటుకొని వాటి ఫలము తినుమని. పునరుత్థాన దినమున మగ్దలేనే మరియ ప్రభువును తోటమాలి అనుకొన్నది. ఆమె పొరపడినదేమో గాని, అది మన ప్రభువునకు తగని వేషమేమీ కాదు.

ఇక చరిత్రకు వచ్చెదము. విలియం కేరీ దొరవారు 1793లో కలకత్తాకు వచ్చినారు. ఇంగ్లాండులో ఆయన వృత్తి చెప్పులు కుట్టుట. ఈ మాట మన సంఘములలో గర్వముగా చెప్పుకొనవలసినది. 1800లో శ్రీరామపురము చేరి, ఒక ప్రక్క లేఖనములను భాషాంతరము చేయుచు, మరొక ప్రక్క అయిదెకరముల తోటను పెంచినారు. స్వదేశమునుండి వచ్చిన విత్తనముల సంచిలో మిగిలిన దుమ్మును వృథాగా పారవేయక తోటలో ఒక మూలన దులిపితే, అందులోనుండి తన ఊరి చిన్న పువ్వు ఒకటి మొలచినదట. 1820లో కలకత్తాలో వ్యవసాయ, ఉద్యానవన సంఘమును స్థాపించినారు. 1823లో వరద వచ్చి ఆ తోటను పాడుచేసినప్పుడు మరల నాటినారు. 1834లో మరణించువరకు ఆ తోటపై మమకారము విడువలేదు.

తరువాత శామ్ హిగిన్‌బాటమ్ గారు. 1903లో మన దేశమునకు వచ్చి, అలహాబాదు, అనగా నేటి ప్రయాగరాజ్‌లోని క్రైస్తవ కళాశాలలో అర్థశాస్త్రము చెప్పుచుండిరి. విద్యార్థులతో పల్లెలకు వెళ్ళినప్పుడు, పేదరికమును గూర్చి పుస్తకములో చెప్పుట వేరు, పొలములో చూచుట వేరు అని గ్రహించినారు. తిరిగి అమెరికా వెళ్ళి విద్యార్థిగా కూర్చుండి వ్యవసాయము నేర్చుకొన్నారు. యమునా నది ఆవల, కోతపడి గడ్డి బలసిన పనికిరాని నేలను తీసికొని దానిని పంట భూమిగా మార్చినారు. 1910లో మొదలైన ఆ సంస్థ నేడు ఆయన పేరుననే విశ్వవిద్యాలయముగా నడచుచున్నది.

మన కాలమునకు దగ్గరివారు ఇద్దరు. జపాను దేశమున తొషిహిరో తకామి గారు యౌవనమున ఒక మిషనరీ ఇంట వంటపని చేసినవారు. తరువాత పాస్టరు అయినారు. 1970లో నేటి బంగ్లాదేశ్‌ను ముంచిన తుపాను తరువాత సహాయమునకు వెళ్ళి, బియ్యము పంచి వచ్చుట చాలదని, పల్లెలో నిలిచి పని చేయు నాయకులు కావలెనని తలంచినారు. 1973లో ఏషియన్ రూరల్ ఇన్‌స్టిట్యూట్‌ను స్థాపించినారు. ఆసియా, ఆఫ్రికా దేశముల సంఘములనుండి వచ్చినవారు అక్కడ రసాయనములు లేకుండ తమ ఆహారమును తామే పండించుకొని, తామే వండుకొని తినుచు నేర్చుకొందురు.

ఫిలిప్పీన్స్ దేశమున హెరాల్డ్ వాట్సన్ అను బాప్టిస్టు మిషనరీ కొండవాలులలో మన్ను కొట్టుకొనిపోవుట చూచి, వాలుకు అడ్డముగా చెట్లను కంచెవలె దట్టముగా నాటించినారు. ఆ కొమ్మలను నరికి మధ్య సాళ్ళలో ఎరువుగా వేయించినారు. మన్ను నిలిచినది, సారమును పెరిగినది. ఆయన వాడిన చెట్లలో ఒకటి మన ప్రాంతమున కాగితపు మిల్లులకు పెంచుచున్న సుబాబులే. 1985లో వాట్సన్ గారికి, 1996లో తకామి గారికి మెగసెసె బహుమానము లభించినది.

ఇంతమంది ఈ పని చేసినను, ఇది సువార్త పరిచర్య ఎట్లగునని మమ్మును సూటిగా అడిగిన పెద్దలు ఉన్నారు. వంకాయలు పండించితే ఆత్మలు రక్షింపబడునా అన్నారు. మరి కొందరు, కూరలు పంచిపెట్టితే పదిమంది గుడికి వత్తురు, మంచిదే గదా అన్నారు. మొదటి మాటకంటె రెండవ మాట మమ్మును ఎక్కువ బాధపెట్టినది.

దీనికి జవాబు మన తెలుగు దేశముననే ఉన్నది. 1876–78 సంవత్సరముల మహా కరవులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ గారు బకింగ్‌హాం కాలువ త్రవ్వు పనిని మూడు మైళ్ళకు పైగా కంట్రాక్టుకు తీసికొని వేలమందికి కూలి చూపినారు. కాని ఆ కరవు నెలలలో ఆయన బాప్తిస్మములు ఇచ్చుట ఆపివేసినారు. కూటికొరకు వచ్చినారను మాట ఆ జనుల మీద పడరాదని ఆయన ఉద్దేశము. సహాయము పంచుట ముగిసిన తరువాతనే, 1878 జూలై 3న, ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందినారు. కూడు కూడే, సాక్ష్యము సాక్ష్యమే. కూర ఇచ్చి మనిషిని కొనరాదు. మా తోటలో కాచినది మతము అడుగక ఇచ్చెదము. ఎందుకిచ్చుచున్నారని ఎవరైనను అడిగితే మాత్రము యేసుప్రభువు పేరు చెప్పెదము.

ఇక మా సంగతి. పాత పాస్టరు బంగళా వెనుక నలుబది సెంట్ల ఖాళీ స్థలము సర్కారు తుమ్మతోను జిల్లేడుతోను నిండియుండెను. దానిని శుభ్రము చేయుట ఒక వేసవి పట్టినది. ఎరువు కొరకు బయలుదేరితే మూడు వీధులు తిరిగినను తట్టెడు పేడ దొరకలేదు. ట్రాక్టర్లు వచ్చిన తరువాత ఎద్దులు పోయినవి, ఎద్దులతో పెంటకుప్పలును పోయినవి. అప్పుడు మాకు కనబడినది ఏమనగా, ప్రతి శనివారము గుడి ఆవరణమంతయు ఊడ్చి ఆకులన్నిటిని మేమే తగులబెట్టుచున్నాము! చేతిలోని ఎరువును కాల్చి పొగ చేసి, ఎరువు లేదని ఏడ్చుచున్నాము.

ఆ దినమునుండి ఆకులు కాల్చుట మానినాము. ఆల్బర్ట్ హోవర్డ్ గారు 1924 మొదలు 1931 వరకు ఇండోరులో మన రైతుల పద్ధతులను గమనించుచు రూపొందించిన విధానము సులభమైనది. రెండు మూడు అడుగుల లోతు గుంటలో ఎండుటాకు, పచ్చిరొట్ట ఒక వరుస, దానిపై పేడనీళ్ళు, దానిపై కొంచెము మన్ను, బూడిద. ఇట్లు వరుసలు పేర్చి తేమ ఆరకుండ చూచి, పదునారు దినములకొకసారి, నెలకొకసారి, రెండు నెలలకొకసారి తిరగవేసినయెడల మూడు నెలలకు ఎరువు సిద్ధమగును. నీళ్ళు మరీ ఎక్కువైనయెడల కుళ్ళి కంపు కొట్టును. మా మొదటి గుంట అట్లే అయినది. ప్రక్కింటివారు పంచాయతీకి చెప్పెదమన్నారు.

మొదటి ఏడు బెండకు పల్లాకు తెగులు తగిలినది. వంకను కాయతొలుచు పురుగు తినివేసినది. రెండవ ఏడు కొంత నేర్చుకొన్నాము. వేపగింజల పప్పు అయిదు కిలోలు దంచి, ఒక రాత్రి నీళ్ళలో నానబెట్టి, గుడ్డతో వడగట్టి, కొంచెము సబ్బుపొడి కలిపి నూరు లీటర్లు చేసి చల్లినాము. వాడిన వంక కొమ్మలను పురుగుతో సహా త్రుంచి నాశనము చేసినాము. పసుపురంగు రేకులకు ఆముదము పూసి తెల్లదోమను పట్టినాము. గట్ల మీద బంతి, ఆముదము వేసినాము. అయినను పుచ్చులు ఉండెను. ఇప్పటికిని ఉన్నవి.

ఆ రెండవ ఏటి కోత పండుగ సంగతి చెప్పవలెనా మానవలెనా అని మేము చాల ఆలోచించినాము. మైత్రిలో అందరి సమ్మతితోనే చెప్పుచున్నాము. ఆ దినమున బల్లమీద మా తోట వంకాయలు నిగనిగలాడుచుండెను. ఒక్క మచ్చ లేదు. ఆరాధన తరువాత వేలముపాట మొదలైనది. పాట పెరుగుచుండగా మాలో ఒక సహోదరి లేచి, "ఆ వంకాయలు వేలము వేయవద్దు" అన్నది. శుక్రవారము రాత్రి ఆమె వాటిపై పురుగుమందు కొట్టినది. ఆమె భర్త పరుల ప్రత్తి చేలలో కూలికి మందు కొట్టువాడు. డబ్బాలో మిగిలినది ఇంటనుండెను.

ఎందుకమ్మా ఇట్లు చేసితివని అడిగినాము. నిరుడు ఆమె తెచ్చిన పుచ్చు వంకాయలను ఎవరో బల్లక్రిందికి నెట్టి, పైన మార్కెట్టులో కొన్న కాయలు పేర్చినారట. దేవుని ఎదుట మరల అట్లు కాకూడదనుకొన్నదట. సహోదరులారా, బల్లక్రిందికి నెట్టిన చేతులు మావే. పండుగ ఫొటోలో బాగుండవలెనని నెట్టినాము. మచ్చలేని అర్పణ కోరినది మేము. ఆ మచ్చ ఎట్లు పోయినదో అడుగని వారమును మేమే.

పాస్టరు గారు ఎవరినీ గద్దించలేదు. ఆ కాయలన్నిటిని ఆవరణ చివరన గొయ్యి తీసి పూడ్చినాము. మరునాడు సోమవారము కలుపు తీయుటకు అందరికంటె ముందు వచ్చినది ఆ సహోదరియే. కొన్ని వారములకు ఆమె భర్తయు వచ్చినాడు. మందు కొట్టిన రాత్రులు చేతులు తిమ్మిరెక్కుట, తల తిరుగుట, వాంతులగుట ఆయన చెప్పుచుండగా, ఇన్నేండ్లు ఒకే గుడిలో కూర్చుండియు మేము ఎన్నడును అడుగలేదే అని తలవంచుకొన్నాము. ఆయన ఆ కూలి నేటికిని పూర్తిగా మానలేదు. అది లేక ఇల్లు గడువదు. మేము ఆయనను నిందింపము.

రసాయనములు ఎందుకు వచ్చినవో మనకు తెలియనిది కాదు. 1960ల తరువాత క్రొత్త వంగడములు, ఎరువులు దేశపు ఆకలి తీర్చిన మాట నిజము. కాని 1997–98లో వరంగల్లు ప్రాంతమున పురుగు పట్టిన ప్రత్తి, మందుల అప్పులు కలిసి వందలాది రైతుల ప్రాణములు తీసినవి. పురుగును చంపుటకు కొన్న మందునే అనేకులు త్రాగినారు. మోనోక్రోటోఫాస్‌ను కూరగాయలపై వాడరాదని 2005లో ప్రభుత్వము నిషేధించినది. నిషేధము కాగితము మీద ఉండగా మందు ఇండ్లలోనికి వచ్చుట మేము కన్నులార చూచినాము. అప్పటి ఖమ్మం జిల్లా పునుకుల గ్రామస్థులు 2004 నాటికి పురుగుమందులు పూర్తిగా మానివేసి వేప కషాయము వంటివాటితో పంట తీయగలిగినారు. అది మిషను పని కాదు. మంచి ఎక్కడనుండి వచ్చినను నేర్చుకొనుట మనకు తగును.

మా సంఘములో సగము ఇండ్లకు సెంటు పొలము లేదు. వారికి తోట ఎక్కడిదని అడుగవచ్చును. పాత బస్తాలో గోంగూర, గోడవార ములగ, పెరటి కంచెకు చిక్కుడు, కప్పు మీదికి సొర పాకించవచ్చును. నీళ్ళు గిన్నెలు కడిగినవే. ఇది ఇల్లు గడుపదు గాని పిల్లల పళ్ళెములో ఆకుకూర ఉండును.

ముగించుటకు ముందు ఈ శతవార్షిక సభకు మూడు మనవులు. మొదటిది, మన మండలమున ఏ గుడి ఆవరణలోను ఆకులు కాల్చకుందము. రెండవది, ఖాళీ మిషను స్థలము కౌలుకో దుకాణములకో ఇచ్చుటకు ముందు, కొన్ని సెంట్లైనను పొలము లేని సంఘస్థుల కూరతోటకు విడువుడి. నాబోతు ద్రాక్షతోటను అహాబు కోరినది కూరతోట కొరకే. బలవంతుడు పేదవాని నేల తీసికొన్న కథ అది. మనము దానిని తిరగవేసి చదివెదము. మూడవది, మందు కొట్టు కూలివారు మన సంఘములలో ఎందరున్నారో ప్రతి పాస్టరేటులో పేరుపేరున తెలిసికొనుడి. వారికొరకు ప్రార్థింపుడి. ప్రార్థనతోబాటు చేతితొడుగులు, ముఖమునకు గుడ్డ, కడుగుకొనుటకు సబ్బు ఇయ్యుడి.

గత కోత పండుగకు మా బల్లమీద పుచ్చు వంకాయలు ముందు వరుసలో ఉండెను. వేలములో వాటికి ఎక్కువ ధర రాలేదు. అయినను అవి బల్లమీదనే ఉండెను.

పౌలు నాటెను, అపొల్లో నీళ్ళు పోసెను, వృద్ధి కలుగజేయువాడు దేవుడే. మన పితరులకు ఆయన నూరేండ్లు ఇచ్చినాడు. మనకు మరియొక సంవత్సరము గడువు ఇచ్చినయెడల, ఆ తోటమాలివలె చుట్టు త్రవ్వి ఎరువు వేయుదుము గాక. ఆమేన్.