కాలు ఎప్పుడు తీయాలి?

డ్రాగ్ రేసింగులో ఘోరం జరిగిన ప్రతిసారీ ఒక మాట వినిపిస్తుంది: ఆరితేరిన డ్రైవరైతే తప్పించుకునేవాడని. ఆ మాటలో నిజం లేకపోలేదు. కానీ అనుభవం ఎంతవరకు కాపాడుతుందో, ఎక్కడ చేతులెత్తేస్తుందో విడదీసి చూడకపోతే ఆ నమ్మకమే ప్రాణాలు తీస్తుందని నా వాదన. డ్రాగ్ రేసుల్లో అత్యంత వేగంగా పరుగెత్తే టాప్ ఫ్యూయల్ కారు గంటకు 330 మైళ్ల వేగంలో సెకనుకు దాదాపు 147 మీటర్లు దూసుకుపోతుంది. కన్ను చూసి కాలు కదిలేసరికి సెకనులో అయిదో వంతు పట్టిందనుకున్నా, కారు దాదాపు 30 మీటర్లు దాటిపోతుంది. కాబట్టి ఇక్కడ అనుభవమంటే ప్రమాదం వచ్చాక చూపే చురుకుదనం కాదు, రాకముందే పసిగట్టడం. టైర్లు పట్టు తప్పితే ఇంజన్ మీద భారం తగ్గి అది అదుపు లేకుండా తిరుగుతుంది, పేలిపోయే స్థితికి వస్తుంది. టైర్లు వణికితే డ్రైవరుకు ఎదుటిది మసకబారుతుంది. పక్క లేనులో ప్రత్యర్థి దూసుకుపోతున్నా ఆ క్షణంలో యాక్సిలరేటర్ మీంచి కాలు తీయగలగాలి. అమెరికాలో డ్రాగ్ రేసింగు లైసెన్సు కోరేవారికి కళ్లకు గంతలు కట్టి మీటలు ఎక్కడెక్కడున్నాయో పరీక్షిస్తారు. పొగ కమ్మినప్పుడు కళ్లు పనికిరావు కదా, ఎంత ముందుచూపున్న నిబంధన అది!

అయితే ఇంజన్ పేలాక ఆ నేర్పుకు చోటు బాగా తగ్గిపోతుంది. 1994, 1995లలో టాప్ ఫ్యూయల్ చాంపియన్ అయిన స్కాట్ కలిట్టా 2008 జూన్‌లో న్యూజెర్సీలోని ఇంగ్లిష్‌టౌన్‌లో మరణించాడు. ముగింపు గీత దగ్గర ఇంజన్ పేలింది, పారాచూట్లు కారును ఆపలేకపోయాయి, ఆగడానికి ఉన్న నేల చాలలేదు. అనుభవంలో అతనికి లోటేమిటి? 16 సార్లు చాంపియన్ అయిన జాన్ ఫోర్స్ కూడా 2024లో వర్జీనియాలో ఇంజన్ పేలి, మెదడుకు తీవ్ర గాయమై ఆస్పత్రి పాలయ్యాడు. కలిట్టా మరణం తర్వాత అమెరికాలో ఈ రేసులు నిర్వహించే సంస్థ ఎన్‌హెచ్‌ఆర్‌ఏ ఈ కార్ల పరుగును 1,320 అడుగుల నుంచి, అంటే పావు మైలు నుంచి, 1,000 అడుగులకు కుదించింది. పావు మైలే ఈ ఆట ప్రాణమని అభిమానులు బాధపడ్డారు. వారి బాధ నాకు అర్థమవుతుంది. కానీ వేగం ఏటేటా పెరిగింది, పాత ట్రాకుల చివర నేల మాత్రం పెరగలేదు. ఆ 320 అడుగులు ఆగడానికి దక్కిన చోటు. పొట్టి పరుగులోనూ వేగం మళ్లీ 330 మైళ్లు దాటింది గనుక అదొక్కటే చాలదన్నదీ నిజమే.

ఇంజన్ పేలిన సంగతి గ్రహించి, ఇంధనం ఆపి, పారాచూట్లను తానే విప్పే పరికరాలు వచ్చింది అందుకే. యంత్రం మీద ఆధారపడితే డ్రైవరు తెలివి మొద్దుబారుతుందని కొందరు సీనియర్లు అనవచ్చు. కానీ ఆ పరికరం కదిలేది పేలుడు జరిగాకే. అంతకుముందు కాలు తీయాలా వద్దా అన్న నిర్ణయంలో అది వేలు పెట్టదు, ఆ క్షణం పూర్తిగా డ్రైవరుదే.