పది తప్పినా దారి మూసుకుపోదు

పదో తరగతి ఫలితాలు రాగానే అందరి నోటా ఎంపీసీ, బైపీసీల మాటే. మెమోలో లెక్కల ఎదురుగా 28 మార్కులు పడ్డ పిల్లవాడి సంగతి ఎవరికీ పట్టదు. పాసుకు 35 కావాలి. ఇక చదువు మనకెందుకులే అని వాడు మేస్త్రీ వెంట పనికి వెళ్లిపోతాడు.

అలాంటి పిల్లలకు ముందు చెప్పాల్సింది అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ గురించి. తప్పిన సబ్జెక్టు రాసి గట్టెక్కితే ఏడాది వృథా కాదు. రోజూ బడికి వెళ్లడం కుదరనివారికి ఓపెన్ స్కూల్ ఉంది. 14 ఏళ్లు నిండితే అందులో పది చదవొచ్చు.

చేతిపని మీద మనసుంటే ఐటీఐ. వెల్డర్ ట్రేడ్ ఏడాదే, ఎనిమిది పాసైనా చాలు. ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ రెండేళ్లు, వీటికి పది పాసవ్వాలి. ఆపై అప్రెంటిస్‌గా చేరితే పని నేర్చుకుంటూనే స్టైపెండ్ అందుకోవచ్చు. పాలిసెట్ రాసి పాలిటెక్నిక్ డిప్లొమా పూర్తి చేస్తే, ఈసెట్ ద్వారా నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరే వీలుంది.

అమ్మానాన్నలకు ఒక్క మాట. పక్కింటి పిల్లలతో పోల్చే ముందు, మీ అబ్బాయినో అమ్మాయినో దగ్గర్లోని ఐటీఐ వర్క్‌షాపుకు ఓసారి తీసుకెళ్లండి. లేతు మిషన్ దగ్గర ఆగారా, వైరింగ్ బోర్డు దగ్గర ఆగారా గమనించండి. ఉపాధ్యాయులూ, ఫలితాలొచ్చిన వారంలోనే తప్పిన పిల్లల ఇళ్లకు ఫోన్ చేయండి. సప్లిమెంటరీ ఫీజు గడువు ఎంతో కాలం ఉండదు.